పొద్దున 280, అర్ధరాత్రి 52: మా పాపకి ఏ ఇన్సులిన్ సరిపడుతుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. మా పాపకి పదకొండేళ్లు, 32 కిలోల బరువు. పోయిన దసరా సెలవుల్లో వాంతులు, ఆయాసం వచ్చి గుంటూరులో ఐసీయూలో పెట్టాం. టైప్ 1 షుగరు అన్నారు. అప్పట్నుంచి 30/70 ఇన్సులిన్ పొద్దున 14, రాత్రి 8 యూనిట్లు చేస్తున్నాం. సంక్రాంతికల్లా డోసు సగానికి తగ్గింది. ఇక పోయినట్టే అనుకున్నాం, మళ్లీ పెరిగింది. ఇప్పుడు పొద్దున్నే 280 ఉంటోంది. రాత్రి డోసు కాస్త పెంచితే ఒంటిగంటకో రెండింటికో చెమటలు పట్టి లేస్తోంది, ఒకరోజు మీటరు 52 చూపించింది. మొన్న గుంటూరులో కొన్న సీసా పాతదానికంటే ఖరీదు ఎక్కువ, సిరంజిలు మాత్రం ఇంట్లో ఉన్నవే వాడుతున్నాం. అన్నం మాన్పించి రాగి సంకటి పెడుతున్నాం. మా అత్తగారు ఇరవై ఏళ్లుగా మాత్రలతోనే షుగరు నెట్టుకొస్తున్నారు, పాపకి మాత్ర ఎందుకు లేదు? మూడు నెలలు పొడి వాడితే సూది మానేయొచ్చని ఒకాయన చెబుతున్నాడు. పంపు పెట్టించమని ఒకరు, స్టెమ్ సెల్స్ ఎక్కించమని ఇంకొకరు. బడిలో చెప్పొద్దు, రేపు పెళ్లికి అడ్డమవుతుందని ఇంట్లో గొడవ. దారి చూపించండి.
ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడగని విషయంతో మొదలుపెడుతున్నాను. అది ఇవాళే చూసుకోవాల్సిన పని కాబట్టి మిగతావన్నీ తర్వాత.

ఫ్రిజ్‌లోంచి ఆ కొత్త సీసా బయటికి తీసి, దానిమీద 40 ఐయూ అని ఉందో, 100 ఐయూ అని ఉందో చదవండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో అమ్ముతారు. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 8 గీతలు లాగితే పాప ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లు కాదు, 20. అదే 40 సీసాలోంచి నారింజ సిరంజితో 8 గీతలు లాగితే వెళ్లేది మూడు యూనిట్ల పైచిలుకు మాత్రమే. మొదటిది ప్రాణం మీదికి తెస్తుంది, రెండోది షుగరు 400 దాటిస్తుంది. మీ ఇంట్లో ఈ పొరపాటు జరగలేదనే నా అంచనా. జరిగి ఉంటే పొద్దున 14 గీతలకి 35 యూనిట్లు పోయి, పాప బడిలోనే పడిపోయి ఉండేది. అయినా అంచనాలతో వదిలేసే సంగతి కాదిది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే అని కళ్లతో చూశాకే ఇవాళ రాత్రి సూది వేయండి. ఇకమీదట షాపులో ‘షుగరు సూది మందు’ అని అడక్కండి, పాత డబ్బా చూపించి అడగండి.

ఆ సీసా చేతిలో ఉండగానే ఇంకో మాట. 30/70 మందు పాలలా తెల్లగా ఉంటుంది, నిలవ ఉంటే తెలుపు అడుక్కి దిగుతుంది. రెండు అరచేతుల మధ్య పది ఇరవైసార్లు దొర్లించి, అంతా ఒకే రంగులోకి వచ్చాక లాగాలి. దొర్లించకపోతే ఒకరోజు పలచన, ఒకరోజు చిక్కన వెళ్తుంది. మీ పాప అంకెలు ఎగుడుదిగుడుగా ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మందును డీప్ ఫ్రీజర్లో గానీ, దాన్ని ఆనుకుని గానీ పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, కరిగాక కూడా పారేయాల్సిందే. ఫ్రిజ్ తలుపు అర చాలు. వాడుతున్న సీసా నాలుగు వారాల తర్వాత మిగిలినా పక్కన పెట్టేయాలి. ఎండాకాలం మన పల్నాట్లో కరెంటు పోతే, తడి ఇసకలో కుదురుగా నిలిపిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా మూతగట్టి సీసాని ఉంచండి. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు గానీ, బయటి ఎండ వేడి కంటే చాలా నయం.

ఇప్పుడు మాత్ర సంగతి. మీ అత్తగారికీ మీ పాపకీ ఉన్నది ఒకే జబ్బు కాదు. అత్తగారి ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది, చాలినంత పని చేయడం లేదు. మాత్రలు ఆ ఉన్నదాన్నే సరిగ్గా వాడుకునేలా, లేదా మరికాస్త ఊరేలా చేస్తాయి. మీ పాపకి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలని తన ఒంటి రక్షణ వ్యవస్థే శత్రువులనుకుని చంపేసింది. తయారీయే లేనప్పుడు ఏ మాత్రా దేన్నీ పెంచలేదు. మీరు స్వీట్లు పెట్టినందుకో, గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో వచ్చింది కాదు, ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే వాళ్లకి ఈ ఉత్తరం చదివించండి. పిల్లల షుగరులో మాత్రలతో సరిపోయే అరుదైన రకాలు లేకపోలేదు, ముఖ్యంగా పుట్టిన ఆరు నెలల్లోపు వచ్చేవి. మీ పాప కథ అది కాదు. వాంతులు, ఆయాసం, ఐసీయూ, ఇవన్నీ ఇన్సులిన్ అడుగంటి, రక్తం ఆమ్లంగా మారిపోయిన లక్షణాలు. అనుమానం మిగిలితే జీఏడీ యాంటీబాడీలు, సీ-పెప్టైడ్ అనే రక్త పరీక్షలు ఒకసారి చేయించమని అడగవచ్చు.

మరి సంక్రాంతికి డోసు ఎందుకు తగ్గింది? బతికి ఉన్న కొద్దిపాటి కణాలకి, బయటి నుంచి ఇన్సులిన్ వచ్చేసరికి కాస్త ఊపిరి అందింది. కొన్ని నెలలపాటు అవి తమ వంతు పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. చాలామంది పిల్లల్లో ఇది వస్తుంది, కొందరిలో ఏడాది దాకా ఉంటుంది, తర్వాత పోతుంది. మీ పాపకి పోయింది.

పొడి అమ్మేవాళ్ల వ్యాపారం నడిచేది సరిగ్గా ఈ దశ మీదే. జబ్బు బయటపడ్డ రెండు మూడు నెలలకి ఎవరో ఒకరు పొడి ఇస్తారు, అదే సమయంలో డోసు దానంతటదే తగ్గుతుంది, పేరు పొడికి పోతుంది. తర్వాత డోసు పెరిగితే ‘పథ్యం తప్పారు’ అంటారు. ఆ కుటుంబం చుట్టుపక్కల నాలుగు ఊళ్లకి సాక్ష్యం చెప్పేసి ఉంటుంది, ఆ తర్వాత ఆ బిడ్డ ఏ ఆసుపత్రిలో చేరిందో ఎవరూ చెప్పరు. ఇలాంటి పొడుల్లో మామూలు షుగరు మాత్రలు నూరి కలిపినవీ, సీసం లాంటి లోహాలు బయటపడినవీ ఉన్నాయి. షుగరు నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, ఆ చట్టం జాబితాలో మధుమేహం పేరు స్పష్టంగా ఉంది. కాకరకాయ కూర, మెంతులు వండుకు తినండి, తప్పు లేదు. సూది మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. టైప్ 1 పిల్లకి ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే ప్రమాదం రావడానికి నెలలు పట్టదు, ఒకటి రెండు రోజులు చాలు.

ఇక అసలు ప్రశ్న. పొద్దున 280, అర్ధరాత్రి 52. మీ కొలతలో తప్పు లేదు, పాప దొంగతనంగా తినడమూ కాదు. మీరు వాడుతున్న మందు స్వభావమే అంత.

30/70 అంటే వందలో ముప్ఫై పాళ్లు భోజనం కోసం పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్, డెబ్బై పాళ్లు ఎన్‌పీహెచ్ అనే నిదానం రకం. ఈ నిదానం రకానికి ఒక పొంగు ఉంటుంది. వేసిన నాలుగైదు గంటలకి మొదలై, ఎనిమిది గంటల దాకా బలంగా పనిచేసి, తర్వాత వాలిపోతుంది. రాత్రి ఎనిమిదింటికి భోజనం ముందు వేస్తే ఆ పొంగు అర్ధరాత్రి దాటాక, పాప కడుపులో ఏమీ లేని వేళ వస్తుంది. అందుకే ఆ చెమటలు. తెల్లారేసరికి మందు వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే, తెల్లవారుజామున, ఎదిగే పిల్లల ఒంట్లో హార్మోన్లు షుగరుని పైకి నెడతాయి. అందుకే ఆ 280. పొద్దున అంకె చూసి రాత్రి డోసు పెంచితే, పెరిగిన మందంతా రెండింటి పొంగులోకే పోతుంది, తెల్లవారుజామును అందుకోదు. అలా పెంచుకుంటూ పోతే ఏదో ఒక రాత్రి పాప లేవకపోవచ్చు. కాబట్టి డాక్టర్ని కలిసేదాకా రాత్రి డోసు సొంతంగా పెంచకండి. పడుకునే ముందు ఒకసారి, రెండు మూడు గంటల మధ్య ఒకసారి వేలు గుచ్చి చూసి రాయండి. పడుకునేటప్పుడు 100 లోపు ఉంటే ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఇచ్చి పడుకోబెట్టండి. ఇంకా పడిపోతుంటే డోసు ఎంత తగ్గించాలో ఫోన్‌లోనైనా మీ డాక్టర్ని అడగండి.

పగటి పూట కూడా ఇదే చిక్కు. పొద్దున వేసిన సూది పొంగు మధ్యాహ్నానికి వస్తుంది, ఆకలి ఉన్నా లేకున్నా పాప ఆ వేళకి తినితీరాలి. బడిలో భోజనం బెల్లు అరగంట ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. మీరు సాగర్ కాలవ కింద వ్యవసాయం చేసేవాళ్లైతే ఇట్టే అర్థమవుతుంది: నీటి వంతు వచ్చిన రోజే నారు పడాలి. సొంత బోరు ఉన్న రైతు తన పైరు చూసుకుని నీళ్లు పెట్టుకుంటాడు. మీ పాపకి ఇప్పుడు కావాల్సింది ఆ బోరు.

దాని పేరు బేసల్-బోలస్ పద్ధతి. రోజుకి నాలుగు సూదులు. ఒకటి గ్లార్జిన్ లాంటి దీర్ఘకాలపు ఇన్సులిన్, రోజూ ఒకే వేళకి. అది పొంగు లేకుండా సుమారు ఇరవై నాలుగు గంటలు సన్నగా పనిచేస్తుంది. మిగతా మూడు, భోజనానికి ముందు వేసే వేగం రకం, లిస్‌ప్రో గానీ ఆస్పార్ట్ గానీ. తినడానికి పది పదిహేను నిమిషాల ముందు వేస్తే నాలుగు గంటల్లో దాని పని అయిపోతుంది. తినని పూట వేగం సూది వేయనక్కర్లేదు, ఎక్కువ తినే పూట ఎక్కువ వేసుకోవచ్చు. రెండు సూదులు నాలుగవుతాయంటే మీ ప్రాణం విలవిల్లాడుతుందని తెలుసు. కానీ ఇప్పుడు ఇన్సులిన్ పెన్నుకి, అంటే డోసు తిప్పుకుని గుచ్చుకునే పరికరానికి, పెట్టే సూది 4 మిల్లీమీటర్లే, ఎర్ర మూత సిరంజి సూది కంటే పొట్టి, సన్నం. చాలామంది పిల్లలు వారం తిరక్కుండానే ‘ఇదే నయం’ అంటారు, ఎందుకంటే గడియారం చూసి తినాల్సిన బాధ పోతుంది. పిల్లలకి అర యూనిట్ చొప్పున తిప్పుకునే పెన్నులు కూడా ఉన్నాయి, మీ డాక్టర్ని అడగండి. ఒక్క జాగ్రత్త: గ్లార్జిన్, వేగం రకం రెండూ నీళ్లలా తేటగానే ఉంటాయి. రాత్రి దీపం లేని వేళ పొరపాటున ఒకదాని బదులు ఒకటి వేస్తే పెద్ద ప్రమాదం. రెండు పెన్నులకీ రెండు రంగుల రబ్బరు బ్యాండ్లు చుట్టండి. ఆ రెండింటినీ ఒకే సిరంజిలో కలపకూడదు.

ఖర్చు భరించలేమంటే దీనికే చవక రూపం ఉంది. మూడు భోజనాల ముందు అరగంటకి రెగ్యులర్, పడుకునే ముందు ఎన్‌పీహెచ్ విడిగా. ఈ రెండూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే రకాలే. ఎనిమిదింటికి బదులు పదింటికి పడటంతో ఎన్‌పీహెచ్ పొంగు తెల్లవారుజాముకి దగ్గరగా జరుగుతుంది, పొద్దున అంకె కాస్త దారికొస్తుంది. గ్లార్జిన్ అంత నిలకడ రాదు, అర్ధరాత్రి పరీక్షలు తప్పవు. అయినా రెండు పూటల 30/70 కంటే ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. మన భారత వైద్య పరిశోధన మండలి 2022లో టైప్ 1 కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది, వాటిలోనూ పెద్దపీట నాలుగు సూదుల పద్ధతికే. మీ ఊరి డాక్టరు గారు మంచివారే కావచ్చు. కానీ ఈ మార్పు పిల్లల షుగరు చూసే ఎండోక్రైనాలజిస్టు దగ్గరే మొదలవ్వాలి. గుంటూరులోనో విజయవాడలోనో ఒకసారి చూపించి, తర్వాత మామూలుగా చూపించుకోవడం మీ డాక్టరు గారి దగ్గరే కొనసాగించవచ్చు.

అన్నం మాన్పించారన్నారు. ఎందుకమ్మా? రాగి సంకటి మంచి తిండే, పీచుంది, కాల్షియం ఉంది. కానీ వంద గ్రాముల రాగి పిండిలో 70 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, బియ్యంలో ఉండేదానికి పెద్ద తేడా లేదు. కొర్రలైనా అంతే. ‘షుగరుకి మంచిది’ అని గిన్నెడు సంకటి లెక్కలేకుండా పెట్టడం, కొలిచిన అన్నం పెట్టడం కంటే ఎక్కువ షుగరు పెంచుతుంది. ఇన్సులిన్ దొరకని రోజుల్లో, అంటే 1921కి ముందు, అమెరికాలో పేరున్న వైద్యులు ఈ పిల్లలని తిండి తగ్గించి తగ్గించి ఎముకలగూడుగా బతికించేవాళ్లు, అదీ కొన్ని నెలలో కొన్నేళ్లో. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి బాంటింగ్, బెస్ట్ బృందం తయారుచేసిన ఇన్సులిన్ మొదటిసారి ఎక్కించాక ఆ ఆకలి వైద్యం అవసరం తీరిపోయింది. వందేళ్ల తర్వాత మన ఇళ్లలో దాన్ని మళ్లీ మొదలుపెట్టాల్సిన పనిలేదు. మీ పాప ఎదిగే వయసులో ఉంది, ఇంట్లో అందరూ తినేదే తినాలి.

కావాల్సింది లెక్క. వంటింటి త్రాసు ఒకటి కొనండి. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. మామూలు ఇడ్లీ ఒక్కోటి పదికి అటూఇటూ. చపాతీ పదిహేను నుంచి ఇరవై. గ్లాసు పాలు పది. పప్పులో కొంచెం ఉంటుంది. గుడ్డు, చికెన్, ఆకుకూరల్లో లెక్కలోకి తీసుకునేంత ఉండదు. ఎన్ని గ్రాములకి ఒక యూనిట్ వేగం ఇన్సులిన్ కావాలో తెలుసుకోవడానికి డాక్టర్లు ఒక మోటు లెక్క వాడతారు: రోజంతటి యూనిట్లతో 500ని భాగించడం. మీ పాపకి రోజుకి 22 యూనిట్లు కాబట్టి సుమారు 23 గ్రాములకి ఒక యూనిట్. రెండు వందల గ్రాముల అన్నం తింటే 56 గ్రాములు, అంటే రెండున్నర యూనిట్లు. ఇది లెక్క ఎలా ఉంటుందో చూపించడానికి చెప్పాను, వేసేయమని కాదు. మీ పాప అంకె పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఉండొచ్చు, దాన్ని డాక్టరే తేల్చాలి. పెద్దమనిషయ్యే వయసులో ఇన్సులిన్ అవసరం బాగా పెరుగుతుంది, అప్పుడు డోసు పెరిగిందని బెంబేలు పడొద్దు. పుట్టినరోజు కేకు తినొచ్చా అంటే తినొచ్చు, సూది లెక్క వేసుకుని, భోజనంతోపాటు.

షుగరు పడిపోవడం గురించి ఇంట్లో అందరికీ, మీ అత్తగారితో సహా, నేర్పండి. 70 కంటే తగ్గితే, చెమటలు, వణుకు, చిరాకు, ఆకలి కనిపిస్తే, మీటరు దొరక్కపోయినా సరే ముందు తీపి. ఆమె బరువుకి రెండు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి, లేదా అంతే గ్లూకోజ్ పొడి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి. చాక్లెట్ పెట్టకండి, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ ఇలాంటి వేళకే ఉంది, అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు, డాక్టర్ని అడిగి తెప్పించుకోగలిగితే ఫ్రిజ్‌లో ఒకటి ఉంచండి.

దీనికి ఎదురు పక్షం జ్వరం, వాంతుల రోజు. ‘ఏమీ తినలేదు కదా, సూది ఎందుకు’ అని ఆపేస్తారు, టైప్ 1 పిల్లలు మళ్లీ ఐసీయూకి చేరే దారుల్లో ఇది ముఖ్యమైనది. జ్వరంలో తినకపోయినా షుగరు పెరుగుతుంది. నిదానం ఇన్సులిన్ ఆపకూడదు, ఎంత వేయాలో ఫోన్ చేసి అడగాలి. ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలని కీటోన్లు అంటారు. మూత్రంలో అవి ఉన్నాయేమో చూసే స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఇంట్లో ఉంచండి, చవకే. షుగరు 250 దాటి, కీటోన్లు కనిపించి, వాంతులు ఆగకపోతే, కడుపునొప్పి, బరువైన ఊపిరి ఉంటే ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని కూర్చోవద్దు. నేరుగా పెద్దాసుపత్రికి.

పంపు గురించి. ఒంటికి తగిలించుకుంటే సన్న గొట్టం ద్వారా రోజంతా ఇన్సులిన్ ఎక్కించేది. మంచి యంత్రమే. షుగరు కొలిచే సెన్సరుతో జోడించిన కొత్తరకాలు షుగరుని చూసుకుని ఇన్సులిన్‌ని తామే పెంచి తగ్గిస్తాయి. కానీ ఖరీదు లక్షల్లో, ఆపైన నెలనెలా గొట్టాలు, సామగ్రి. అంతేకాదు, పంపులో వేగం రకం మాత్రమే ఉంటుంది. గొట్టం మడతపడితే కొద్ది గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి, కాబట్టి పంపున్న ఇంట్లో సూది వేయడం అందరికంటే బాగా తెలిసి ఉండాలి. అప్పు చేసి పంపు కొని స్ట్రిప్పులకి డబ్బుల్లేక కూర్చోవడం కంటే, మీ చేతిలో ఉన్న డబ్బు ముందు స్ట్రిప్పులకి పెట్టండి, రోజుకి నాలుగైదు పరీక్షలు పడేలా. ఆ తర్వాత మిగిలితే చేతికి అంటించే సెన్సరు. ఒక్కోటి రెండు వారాలు పనిచేస్తుంది. ప్రతి నెలా కొనలేకపోతే డోసులు మార్చే సమయంలో ఒక్కటి పెట్టించినా, రాత్రి రెండింటికి ఏం జరుగుతోందో బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది. వేలి రక్తం కంటే అది కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది, పాప వణుకుతుంటే సెన్సరుని నమ్మకుండా వేలు గుచ్చండి. పంపు వీటన్నిటి తర్వాత.

స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల, మాట పూర్తిగా అబద్ధం కాదు, మీకు అమ్మజూపుతున్నది మాత్రం అబద్ధమే. మూలకణాల నుంచి తయారుచేసిన ఇన్సులిన్ కణాలని ఎక్కించిన ఒక ప్రయోగం ఫలితాలు 2025లో ప్రచురితమయ్యాయి. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. సంతోషమే. కానీ వాళ్లు షుగరు తరచూ ప్రమాదకరంగా పడిపోయే పెద్దవాళ్లు, ఆ కణాలు బతకడానికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. పదకొండేళ్ల పిల్లకి ఆ మందుల ప్రమాదం ఇన్సులిన్ సూది కంటే ఎక్కువ. మన దేశంలో షుగరుకి స్టెమ్ సెల్స్ అనుమతి ఉన్న వైద్యం కాదు, నమోదైన ప్రయోగాల్లో తప్ప చేయకూడదు, ప్రయోగంలో చేరినవారి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడే లేచి వచ్చేయండి. అమెరికాలో 2022లో అనుమతి పొందిన టెప్లిజుమాబ్ అనే మందు గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. అది జబ్బు ఇంకా బయటపడనివారిలో రెండేళ్లపాటు వాయిదా వేయడానికి పనికొస్తుంది, మీ పాపకి ఆ ఘట్టం దాటిపోయింది. పీల్చే ఇన్సులిన్ పెద్దవాళ్లకే, అదీ దీర్ఘకాలపు సూది ఆపకుండా.

బడిలో చెప్పొద్దన్న మాట దగ్గర నేను మీ ఇంట్లోవాళ్లతో గట్టిగా విభేదిస్తాను. దాచిన పిల్ల మధ్యాహ్నం సూది ఎగ్గొడుతుంది. బాత్రూంలో నిలబడి చొక్కా పైకెత్తి దొంగలా వేసుకుంటుంది. చెమటలు పడితే టీచరు ‘ఎండదెబ్బ’ అని కూర్చోబెడుతుంది. హెడ్‌మాస్టరుకి, క్లాసు టీచరుకి, ఆటల మాస్టారుకి, పక్కన కూర్చునే స్నేహితురాలికి చెప్పండి. ఒక కాగితం మీద షుగరు పడిపోతే ఏం చేయాలో తెలుగులో నాలుగు ముక్కలు రాసి, గ్లూకోజ్ పొట్లంతో పాటు టీచరు సొరుగులో పెట్టించండి. ఆటలు మాన్పించకండి, ఆటకి ముందు షుగరు చూసుకుని కాస్త తినిపిస్తే చాలు. వసీం అక్రమ్‌కి 1997లో, ముప్ఫై ఏళ్ల వయసులో ఈ టైప్ 1 బయటపడింది, ఆ తర్వాత కూడా ఆయన ఏళ్లపాటు పాకిస్తాన్ తరఫున బౌలింగ్ చేశాడు. రేపు ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్), జేఈఈ రాయాల్సి వస్తే, జేఈఈ మెయిన్ నిబంధనల్లోనే షుగరున్న పిల్లలు గ్లూకోజ్ బిళ్లలు, పండు, నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లవచ్చని ఉంది. చెప్పుకున్నవాళ్లకే ఆ వెసులుబాటు.

పెళ్లి ఇంకా చాలా దూరం. అయినా మీ మనసులో ఉంది కాబట్టి చెబుతున్నాను. షుగరు అదుపులో ఉంచుకున్న టైప్ 1 ఆడపిల్లలు పిల్లల్ని కంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు నుంచి నాలుగు. దాచి చేసిన పెళ్లిలో ఆ పిల్ల అత్తారింట్లో ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటుంది, ఎప్పుడు వేసుకుంటుంది? ఆ ఇల్లు ఆమెకి ఐసీయూకి దగ్గర దారి అవుతుంది.

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక వారం ఇలా రాయండి: పొద్దున లేవగానే, మూడు భోజనాల ముందు, పడుకునే ముందు, వారంలో రెండు మూడు రాత్రులు రెండింటికి, ఆ వేళల్లో షుగరు ఎంత, ఏ ఇన్సులిన్ ఎంత, ఏం తిన్నది. అంకె ఎక్కువొచ్చినా పాపని తిట్టకండి, తిడితే పిల్లలు దొంగ అంకెలు రాస్తారు. ఆ పుస్తకం, మీటరు, ఇప్పుడు వాడుతున్న సీసా, సిరంజి, మొదటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం అన్నీ సంచిలో పెట్టుకోండి. సూది వేసేచోట్ల, పొట్టమీద, తొడలమీద గడ్డల్లాంటివి ఉన్నాయేమో చూడమని అడగండి. ఒకేచోట వేస్తూ పోతే అలా గట్టిపడి మందు సరిగా ఎక్కదు. గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, ఏడు శాతం దగ్గర ఉంచడం గురి, మూడు నెలలకోసారి చూసుకోవాలి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి, కంటి పరీక్ష ఎప్పట్నుంచి మొదలుపెట్టాలో కూడా అడగండి. ‘నాలుగు సూదుల పద్ధతికి మారుద్దామా, ఏ రకంతో?’ అని మీరే నోరు తెరిచి అడగాలి. ఆయన రాసిచ్చిన కొత్త డోసులు పాప చేత కూడా చదివించి, ఆమెకి అర్థమయ్యాకే ఇంటికి బయల్దేరండి.